శనివారం స్కాన్‌కు వెళ్తున్న సుజాతకు

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోను చేసింది. నీ తలనొప్పికి డాక్టరు గారు ఎం.ఆర్.ఐ. స్కాన్ రాశారనీ, కిందటిసారి డబ్బు కట్టి కూడా ఆ గది గుమ్మం నుంచే వెనక్కి వచ్చేశావనీ, ఇప్పుడు నీ అంతట నువ్వే మళ్ళీ శనివారానికి సమయం తీసుకున్నావనీ చెప్పింది. లిఫ్టు ఎక్కలేక ఆఫీసులో రోజూ ఐదంతస్తులు మెట్లెక్కే పిల్ల ఈ పనికి సిద్ధపడిందంటే చాలా గర్వంగా అనిపించింది. ఆ వెంటనే "ఒక్కదాన్నే వెళ్తాను, ఎవరూ రానక్కరలేదు" అన్నావని కూడా చెప్పింది. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగమంతా ఎక్స్‌రే గదుల్లోనూ, చివరి సంవత్సరాలు ఎం.ఆర్.ఐ. గదిలోనూ గడిపిన పెదనాన్న బతికే ఉండగా నువ్వు ఒంటరిగా వెళ్ళి ధైర్యం నిరూపించుకోవలసిన అవసరం ఏమొచ్చింది?

సరే, పనిలోకి వద్దాం. అరగంట ముందు వెళ్ళు. డాక్టరు చీటీ, పాత రిపోర్టులు పట్టుకెళ్ళు. లోపలికి పిలిచే ముందు ఒకసారి బాత్‌రూముకు వెళ్ళిరా.

ఇక లోహం సంగతి. ఇది నా పిచ్చి అని మీ పెద్దమ్మ అంటుంది, అననీ. ఆ గదిలో ఉన్నది 1.5 టెస్లాలో, 3 టెస్లాలో (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) శక్తి ఉన్న అయస్కాంతం. స్కాన్ జరుగుతున్నప్పుడే కాదు, రాత్రి తాళం వేసి వెళ్ళిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో బంధువు కోసం ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి అడుగు పెట్టిన యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కాబట్టి వాచీ, ఫోను, కార్డులు, జడ పిన్నులు, చేతికి కట్టిన తాయెత్తు అన్నీ బయటే. కాటుక పెట్టుకోకు, జరీ ఉన్న బట్టలు వేసుకోకు. నీ ముక్కుపుడక మర ఎన్నాళ్ళ నుంచి కదల్లేదో నాకు తెలుసు. శుక్రవారం సాయంత్రమే కొబ్బరినూనె రాసి తిప్పి చూడు, రాకపోతే కంసాలి దగ్గరికి వెళ్ళు. శనివారం పొద్దున్న అక్కడ నిలబడి దానితో కుస్తీ పడితే, భయం సగం అక్కడే మొదలవుతుంది. జామచెట్టు మీద నుంచి పడ్డప్పుడు నీ చేతికి వేసిన ప్లేటు సంగతి ఫారంలో తప్పకుండా రాయి. చాలావాటితో ఇబ్బంది ఉండదు, కానీ ఏ లోహమో వాళ్ళకు తెలియాలి. ఆ ఆపరేషను కాగితం మీ అమ్మ బీరువాలో ఉంది, ఫొటో తీసి పంపమన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న ఎప్పుడూ నీకు చెప్పవద్దన్నాడు. చెబుతున్నాను, కోపం వస్తే నన్ను తిట్టుకోనీ.

నువ్వు స్కూల్లో ఉన్నప్పుడు వాడికి నడుము నొప్పి వచ్చింది గుర్తుందా? అప్పుడే ఎం.ఆర్.ఐ. రాశారు. మోటారు చెడిపోతే తాడు పట్టుకుని బావిలోకి దిగే మనిషి కదా, వాడికి భయమేమిటని అందరం అనుకున్నాం. చిన్నప్పుడు దొంగాట ఆడుతూ ధాన్యం గాదెలో దాక్కుంటే మూత పడిపోయి, మేము వెతికి తీసేసరికి వాడి పెదవులు తెల్లబడి ఉన్నాయి. ఈ భయానికి అదే కారణమని నేను అనను. కానీ ఇరుకు గదిలో ఈనాటికీ వాడు తలుపు వైపే పడుకుంటాడు, నువ్వే గమనించు.

స్కాన్ గదిలో టెక్నీషియన్ కుర్రాడు "మూసిన చోట్ల భయం ఉందా?" అని అడిగాడట. "అబ్బే" అన్నాడట మీ నాన్న. కుర్రాడి ముందు అనడానికి నామోషీ. చేతిలో రబ్బరు బంతి పెట్టి, ఇబ్బందిగా ఉంటే నొక్కమన్నారు. కళ్ళు తెరుచుకునే లోపలికి వెళ్ళాడు. ముఖానికి జానెడు దూరంలో తెల్లటి గోడ కనిపించింది, గుండె దడ మొదలైంది. బంతి నొక్కలేదు. ఎందుకని నేను తర్వాత అడిగితే ఏమన్నాడో తెలుసా? నొక్కితే కట్టిన డబ్బు పోతుందేమో, మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలేమో అని. పళ్ళ బిగువున పడుకుని పడుకుని, ఒక్కసారిగా తనంతట తానే కిందికి జారుతూ బయటికి వచ్చేశాడు. మోచేతులు రెండూ గీసుకుపోయాయి. ఆసుపత్రి గౌనుతోనే వరండాలోకి వచ్చి, ఆ కుర్రాడినే నాలుగు మాటలని, ఇంటికి వచ్చేశాడు. "యంత్రం పాడైంది, మళ్ళీ రమ్మన్నారు" అని మీకందరికీ చెప్పాడు.

ఆ మళ్ళీ అనేది నెలల తరబడి రాలేదు. ఎడమ పాదం ఈడుస్తున్నాడని మీ అమ్మ నాకు చెప్పాక నేను వచ్చి వాడిని లాక్కెళ్ళాను. ఈసారి డాక్టరుతో భయం సంగతి నేనే చెప్పాను. ముందుగా చిన్న మాత్ర ఇచ్చారు. నన్నూ తనిఖీ చేసి లోపలికి రానిచ్చారు. స్కాన్ అయ్యేంతసేపూ వాడి కుడి పాదం పట్టుకుని కూర్చున్నాను. వాడి బొటనవేలు నా అరచేతిలో వణుకుతూ వణుకుతూ, కాసేపటికి ఆగింది. ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. డిస్కు నరాన్ని నొక్కుతోందని తేలి ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గింది గానీ, ఆ ఎడమ పాదంలో బలం పూర్తిగా రాలేదు. ఇప్పటికీ చెప్పు జారిపోతుంటే ఏవో పాత చెప్పులని మనకు సాకు చెబుతాడు.

అందుకే నీకు చెప్పేది. లోపలికి వెళ్ళగానే, వాళ్ళు అడగకముందే, "నాకు ఇరుకు చోటంటే భయం, కిందటిసారి తిరిగి వెళ్ళిపోయాను" అని చెప్పు. వాళ్ళు రోజూ వింటారు. ఒకసారి లోపలికి పంపి వెంటనే బయటికి తీసి చూపమని అడుగు. స్కాన్‌లో ఒక్కో విడతకు ముందు అది ఎన్ని నిమిషాలో మైకులో చెప్పమను. కొన్ని రెండు నిమిషాలే, కొన్ని ఐదారు. బంతి నొక్కడం కోసమే ఇస్తారు, నొక్కు.

తల స్కాన్‌కు ముఖం మీదికి ప్లాస్టిక్ చట్రం ఒకటి దించుతారు. అన్నిటికంటే కష్టమైన క్షణం అదే. అది దించకముందే కళ్ళు మూసుకో, పైన చిన్న గుడ్డ కప్పమను, మళ్ళీ బయటికి వచ్చేదాకా తెరవకు. కళ్ళు మూసుకుంటే ఇంకా భయం అనిపిస్తే ఆ చట్రానికి అద్దం పెట్టమను, నీ పాదాలూ గదీ కనిపిస్తాయి. గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుంది, గాలి ఆడుతుంది. కరెంటు పోయినా బల్లను చేత్తో లాగేయవచ్చు. చప్పుడు మాత్రం పక్కింట్లో బోరు వేస్తున్నట్టు ఉంటుంది, చెవుల్లో దూది లాంటివి తప్పక పెట్టించుకో. చేతులు జోడించకు, కాళ్ళు మెలివేయకు, చర్మం చర్మానికి తగిలే చోట కాలే ప్రమాదం ఉంది. ఊపిరి బిగబట్టకు. పీల్చేదానికంటే వదిలేది నెమ్మదిగా ఉండాలి. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు, ఆ బెంగ పెట్టుకోకు.

మొదటిసారి మనిషి ఛాతీని ఇలా స్కాన్ చేసింది 1977 జూలై 3న. దాదాపు ఐదు గంటలు పట్టింది. ఆ యంత్రం కట్టిన రేమండ్ డమాడియన్ అంతకుముందు తానే అందులో కూర్చుని చూశాడు, ఒళ్ళు లావై కుదరలేదు. సన్నగా ఉన్న తన సహాయకుడిని కూర్చోబెట్టాడు. ఆ పిల్లవాడి ఓపిక తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలి. నీకు అరగంట, ముప్పావు గంట మించకపోవచ్చు.

ఆఫీసులో ఎవరో మాత్ర ఇస్తామన్నారట, వేసుకోకు. కావాలంటే మీ డాక్టరునే అడుగు. వేసుకుంటే బండి నడపకూడదు, తోడు ఉండాలి. రిపోర్టు చేతికి రాగానే ఫోనులో ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ కూర్చోకు, డాక్టరు చెప్పేదాకా కవరు నా సంచిలో ఉంటుంది.

నా సంచి అన్నాను కదా, శుక్రవారం రాత్రి గౌతమిలో బయలుదేరుతున్నాను. టిక్కెట్టు తీసేసుకున్నాను, వద్దని ఫోను చెయ్యకు. స్టేషనుకు రావద్దు, ఆటోలో వస్తాను. పెద్దమ్మ పూతరేకులు కడుతోంది. ఖాళీ కడుపుతో రమ్మన్నారేమో రేపే ఫోను చేసి కనుక్కో, బొమ్మ స్పష్టంగా రావడానికి సూదిమందు ఇచ్చేటట్టయితే ముందే క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసే రక్తపరీక్ష) కావాలేమో అదీ అడుగు.

మీ పెదనాన్న