పేరు వెనక వచ్చే 'ఇంగ్': ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన ఇంగ్లీష్ కథ రెండుసార్లు చదివాను. ఆ ముసలాయన ఉత్తరం చింపబోయి, చింపకుండా మళ్లీ మడిచి దాచుకునే చోట చాలాసేపు ఆగిపోయాను. కథ గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇవాళ ఇంగ్లీష్ క్రియ చివర వచ్చే 'ఇంగ్' (-ing) గురించి ఒక చిన్న విషయమే చెప్పాలి, చిన్నదే కానీ నీ ప్రతి పేజీలోనూ అదే కనిపిస్తోంది.

"ద మ్యాన్ హూ వాజ్ స్టాండింగ్ ఎట్ ద డోర్", "ద గర్ల్ హూ వాజ్ హోల్డింగ్ ద ల్యాంప్" అని రాస్తూ పోయావు. తప్పు కాదు. కానీ ఇంగ్లీష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఇలాంటి చోట్ల ఆ 'హూ వాజ్' చాలాసార్లు వదిలేసి, "ద మ్యాన్ స్టాండింగ్ ఎట్ ద డోర్" అనేస్తారు. ఎవరో తలుపు కొడుతుంటే "దేర్ ఈజ్ సంవన్ నాకింగ్" అంటారు, అంతే.

నిజానికి ఇది మనకి కొత్తేం కాదు. 'ఏడుస్తున్న పిల్ల', 'నిలబడ్డ మనిషి' అని రోజూ అంటూనే ఉంటాం, బళ్లో దీన్నే క్రియాజన్య విశేషణం అని చెప్పారు. మనం దాన్ని పేరుకి, అంటే నామవాచకానికి, ముందు పెడతాం, వాళ్లు వెనక పెడతారు. ఒంటరి మాటైతే వాళ్లు కూడా ముందే పెడతారు, "ఎ స్లీపింగ్ చైల్డ్" అని. ఎక్కడ, ఎలా అని ఇంకో ముక్క చేరిందా, మొత్తం వెనక్కి వెళ్లిపోతుంది: "ఎ చైల్డ్ స్లీపింగ్ ఆన్ ద ఫ్లోర్".

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మన 'తున్న' ఎవరినైనా రానిస్తుంది. నేను చదువుతున్న పుస్తకం, పుస్తకం చదువుతున్న అబ్బాయి, అబ్బాయి చదువుకుంటున్న గది: చదివేవాడు, చదవబడేది, చదివే చోటు, మూడింటికీ అదే 'తున్న'. ఇంగ్లీషులో పేరు వెనక వచ్చే 'ఇంగ్' మాత్రం ఆ పని చేసేదాన్నే ఒప్పుకుంటుంది. అబ్బాయి చదువుతాడు కాబట్టి "ద బాయ్ రీడింగ్ ఎ బుక్" సరే. పుస్తకం తనంతట తాను చదవదు, అందుకే అక్కడ "ద బుక్ ఐ యామ్ రీడింగ్" అనక తప్పదు. నీ మూడో పేజీలో "ద సాంగ్ సింగింగ్ బై హర్ మదర్" అని ఉంది చూడు, పాట పాడదు కదా! అది "ద సాంగ్ సంగ్ బై హర్ మదర్" కావాలి. అప్పుడే పాడుతోందని గట్టిగా చెప్పాలంటే "బీయింగ్ సంగ్". 'ఇంగ్' రాసే ముందు ఆ పేరు వైపు తిరిగి, ఈ పని చేస్తున్నది నువ్వేనా అని అడుగు. నీ తప్పుల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

ఇంకో సంగతి. 'ఇంగ్' అంటే ఇప్పుడు జరుగుతున్నదే అనుకోకు. "ద బాక్స్ ఈజ్ కంటైనింగ్ లెటర్స్" అంటే తప్పు, కానీ "ఎ బాక్స్ కంటైనింగ్ ఓల్డ్ లెటర్స్" నిక్షేపంలాంటి ప్రయోగం. "ఎ రోడ్ లీడింగ్ టు ద రివర్" కూడా అంతే, ఆ దారి ఎప్పుడూ ఏటికే పోతుంది. అంటే 'హూ ఈజ్', 'విచ్ ఈజ్' కొట్టేస్తే మిగిలేదే ఇది అని పుస్తకాల్లో చెప్పే మాట అన్నిసార్లూ నిజం కాదు. కాలం ఏదో వాక్యంలోని అసలు క్రియ చెబుతుంది.

అయిపోయిన పని దగ్గర మాత్రం జాగ్రత్త. కిటికీ పగలగొట్టిన కుర్రాడు "ద బాయ్ హూ బ్రోక్ ద విండో"నే. "బ్రేకింగ్" అన్నావంటే మన కళ్ల ముందే పగలగొడుతున్నాడు. ఇక్కడ నీ తెలుగు చెవి బాగా పనికొస్తుంది, 'పగలగొట్టిన' అనిపిస్తే 'ఇంగ్' వద్దు. కానీ అదే చెవి కొన్నిచోట్ల మోసం చేస్తుంది. కూర్చున్న, పడుకున్న, కోటు వేసుకున్న... ఇవి మనకి అయిపోయిన పనుల్లా వినిపిస్తాయి, వాళ్లకి ఇంకా సాగుతున్న స్థితి: "సిట్టింగ్", "స్లీపింగ్", "వేరింగ్ ఎ కోట్". తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వచ్చి రాసేవాళ్లకి ఇంత దగ్గరగా ఉండి ఇంత తేలిగ్గా జారిపోయే చోటు ఇంకొకటి నాకు కనపడలేదు.

కామా గురించి రెండు మాటలు. "ద స్టూడెంట్స్ సిట్టింగ్ ఎట్ ద బ్యాక్ కుడ్ నాట్ హియర్" అంటే వెనక కూర్చున్నవాళ్లకే వినపడలేదు. అదే ముక్కకి అటూ ఇటూ కామాలు పెడితే పిల్లలందరూ వెనకే కూర్చున్నట్టు, ఎవరికీ వినపడనట్టు.

నేను కొత్తలో రాసిన ఒక కథని సంపాదకుడు వెనక్కి పంపాడు, మార్జిన్‌లో ఒకే ప్రశ్న: నడుస్తున్నది ఎవరు? నేను రాసింది "ఐ సా మై టీచర్ వాకింగ్ డౌన్ ద రోడ్". నడిచింది నేను, కానీ ఆ వాక్యం చదివినవాడు నడిపించేది మాస్టారినే. తెలుగులో ఈ తికమక రాదు, 'నడుస్తూ చూశాను' అంటే నేను, 'నడుస్తున్న మాస్టారు' అంటే ఆయన. మనకున్న ఆ రెండు రూపాలూ ఇంగ్లీషులో ఒకే 'ఇంగ్' అయిపోతాయి, కాబట్టి అక్కడ అర్థాన్ని చాలావరకు చోటే మోయాలి. "వాకింగ్ డౌన్ ద రోడ్, ఐ సా మై టీచర్" అని ముందుకి తెస్తే నడక నాదవుతుంది. ఆ ప్రశ్న చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అప్పటిదాకా రాసిన కథలన్నీ తీసి ఒక్కొక్క 'ఇంగ్' కిందా గీత పెట్టుకున్నాను.

(ఈ 'ఇంగ్' వెనక పెద్ద చరిత్రే ఉంది. 1100కి ముందటి పాత ఇంగ్లీషులో పని చేసేదాన్ని చెప్పడానికి 'ఎండె' అనే తోక, పని పేరు చెప్పడానికి 'ఉంగ్' లేదా 'ఇంగ్' అనే తోక విడివిడిగా ఉండేవి. తర్వాతి శతాబ్దాల్లో రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి, అందుకే ఇవాళ ఒకే 'ఇంగ్' రెండు పనులూ చేస్తుంది. "స్లీపింగ్ చైల్డ్"లో పిల్ల నిద్రపోతుంది, "స్లీపింగ్ పిల్"లో మాత్ర నిద్రపోదు. నాకు ఇలాంటివి చాలా ఇష్టం, అందుకే రాశాను.)

అలాగని 'హూ'లన్నీ కొట్టేయకు. నీ కథ చివర్లో "ద మ్యాన్ హూ వాజ్ వెయిటింగ్" అని ఉంది, అక్కడ వాక్యం ఆ రెండు మాటల వల్లే నెమ్మదిస్తుంది, ఆ నెమ్మది కథకి కావాలి. దాన్ని ముట్టుకోవద్దు. మూడో పేజీ మాత్రం తిరగరాసి పంపు, అందులో "ద లెటర్ ఆన్ ద టేబుల్ బిలాంగింగ్ టు హర్ ఫాదర్" అన్న ముక్క ఉంది, ఆమె నాన్నది ఉత్తరమా, బల్లా, నాకు ఇప్పటికీ తెలియలేదు.

ప్రేమతో,
మీ అన్నయ్య