పాత పుస్తకాల్లో టమాటా శాస్త్రీయ నామం చివర ఉండే ‘మిల్.’ ఎవరు? ఆయన రాసిన తోటపని పుస్తకం బోటనీవాళ్లకు ఎందుకు?

డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతుంటాను. ‘లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ మిల్.’ చూసి మీరు వేసిన ప్రశ్నే మా క్లాసులోనూ ఎవరో ఒకరు అడుగుతూ ఉంటారు. మేం చదువుకునే రోజుల్లో మాత్రం ఎవరూ అడగలేదు, హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కను అతికించే కాగితం) మీద లేబుల్ రాసి మార్కులు వేయించుకోవడంతోనే సరిపోయింది.

మొక్క శాస్త్రీయ నామం చివర ఆ పేరు పెట్టినవాళ్ల పేరును కుదించి రాస్తారు. మిల్. అంటే ఫిలిప్ మిల్లర్. లండన్‌లోని చెల్సీలో మందులు తయారుచేసేవాళ్ల సంఘం 1673లో వేసుకున్న ఔషధ వనానికి 1722 నుంచి ఆయనే పెద్ద తోటమాలి. ఆ ఏడే హాన్స్ స్లోన్ అనే డాక్టరు ఆ స్థలాన్ని ఏటా 5 పౌండ్లకు సంఘానికి శాశ్వత కౌలుగా రాసిచ్చాడు. ఏటా 50 మొక్కల నమూనాలు రాయల్ సొసైటీకి (లండన్‌లోని శాస్త్రవేత్తల సభ) అందాలని షరతు పెట్టాడు. అంటే కొత్త మొక్కలు వస్తూనే ఉండాలి. మిల్లర్ ఊరూరా ఉన్న తోటలవాళ్లతో ఉత్తరాలు నడిపి విత్తనాలు తెప్పించేవాడు. మన వాకిళ్లలో తనంతట తానే మొలిచే బిళ్ళగన్నేరు విత్తనాలు కూడా అలాగే చేరాయి. మడగాస్కర్ నుంచి ఫ్రాన్స్ రాజు తోటకు, అక్కడి తోటమాలి చేతుల మీదుగా చెల్సీకి. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానికి వింకా రోజియా అని పేరు పెట్టింది ఆ తర్వాతే, 1759లో.

ఇక పుస్తకం. 1724లో రెండు చిన్న సంపుటాలుగా ఒకటి తెచ్చాడు. దాన్ని పెంచి 1731లో పెద్ద సైజులో అచ్చువేసిందే అసలు ‘గార్డెనర్స్ డిక్షనరీ’. మొక్కలూ పనులూ అన్నీ అక్షర క్రమంలో ఉంటాయి. కుండీ మట్టి దగ్గర్నుంచి అనాస దాకా. చలిదేశంలో అనాస పండించాలంటే వేళ్ల కింద వెచ్చదనం ఉండాలి కదా. తోళ్లు పదునుపెట్టి పారేసిన ఓక్ బెరడు పొట్టును గోతిలో నింపితే, అది నెమ్మదిగా పులుస్తూ నెలల తరబడి వేడినిస్తుంది. పేడ ఎరువులా ఒక్కసారిగా భగ్గుమని చల్లారిపోదు. కుండీలను ఆ పొట్టులో పాతేవారు. (మన దగ్గర తోళ్లకు తంగేడు చెక్క వాడేవారు. దాంతో అనాస పండించాల్సిన ఖర్మ మనకెందుకు!) తులిప్ పూలలో కేసరాలు తీసేసినా, పక్క పూల పుప్పొడిని తేనెటీగలు మోసుకొచ్చి విత్తనం కట్టించడం మిల్లర్ కళ్లారా చూశాడు. పరాగ సంపర్కం అన్న మాట పాఠాల్లోకి రావడానికి చాలా ముందు సంగతి ఇది. టమాటా గురించైతే, ఇటలీ, స్పెయిన్ వాళ్లు దోసకాయలా ఉప్పూ మిరియాలూ నూనె వేసుకుని తింటారని కాస్త అనుమానంగానే రాశాడు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఆయన మొండితనంలో ఉంది. 1736లో లిన్నేయస్ చెల్సీ వచ్చి వెళ్లాడు, ఇద్దరికీ పరిచయమే. అయినా మిల్లర్, ఫ్రెంచి శాస్త్రవేత్త టూర్న్‌ఫోర్ మొక్కలను విడదీసిన పాత పద్ధతి వదల్లేదు. 1753లో లిన్నేయస్ తన గ్రంథంలో టమాటాను సొలానమ్ అనే ప్రజాతిలో (దగ్గరి పోలికలున్న మొక్కల గుంపు), రేగును రామ్నస్‌లో, తుమ్మను మిమోసాలో, నాగజెముడును కాక్టస్‌లో కలిపేశాడు. మరుసటి ఏడు, 1754లో, తన నిఘంటువు సంక్షిప్త రూపం నాలుగో ముద్రణ వేస్తూ మిల్లర్ వాటిని మళ్లీ విడదీసి పెట్టాడు: లైకోపెర్సికాన్, జిజిఫస్, అకేసియా, ఒపుంటియా. తర్వాతి తరాలవాళ్లు మొక్కల పేర్ల లెక్క 1753 నుంచి మొదలవ్వాలని తీర్మానించుకున్నారు. ఆ గీత దాటి ఒక్క ఏడాదికి అచ్చయింది కాబట్టి మిల్లర్ పాత పేర్లు కొత్త పేర్లుగా చెల్లిపోయాయి! పెద్ద పుస్తకం కొనలేనివాళ్ల కోసం కుదించి వేసిన ముద్రణకు దక్కిన వైభోగం ఇది. చివరికి 1768 నాటి ఎనిమిదో ముద్రణలో ఆయనే లిన్నేయస్ రెండు మాటల పేర్లకు దిగివచ్చాడు. ‘ఎస్కులెంటమ్’ అప్పటిదే. రెండేళ్లకు సంఘంతో చెడి ఉద్యోగం వదిలాడు, 1771లో పోయాడు.

ఆయన పేర్లన్నీ నిలబడ్డాయా అంటే, లేదు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక టమాటా మళ్లీ లిన్నేయస్ పెట్టిన సొలానమ్‌లోకే పోయింది. అందుకే కొత్త పుస్తకాల్లో ‘మిల్.’ కనపడదు. అకేసియా పేరును 2005లో, మొక్కల పేర్ల నియమాలు తేల్చే అంతర్జాతీయ వియన్నా సభ ఆస్ట్రేలియా చెట్లకు కట్టబెట్టింది, 2011లో మెల్‌బోర్న్ సభ ఖాయం చేసింది. మన నల్లతుమ్మ ఇప్పుడు వాచెలియా. ఆ నిర్ణయం నాకు ఈరోజుకీ మింగుడు పడదు, తుమ్మల నడుమ పెరిగినవాణ్ణి మరి. రేగు, నాగజెముడు మాత్రం మిల్లర్ పేరుతోనే ఉన్నాయి.

చదవాలనుకుంటే 1754, 1768 ముద్రణలు రెండూ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైటులో ఉచితంగా దొరుకుతాయి. 1768 దాంట్లో పేజీ నంబర్లు లేవు. అందుకే పరిశోధన పత్రాల్లో కూడా మొక్క పేరూ, దాని కింది వరుస సంఖ్యా మాత్రమే ఇస్తారు. అక్షర క్రమంలో వెతుక్కోవడమే. అప్పటి అచ్చులో ‘ఎస్’ అక్షరం చాలాచోట్ల ‘ఎఫ్’లా కనిపిస్తుంది, నాలుగు పేజీలు చదివితే అలవాటైపోతుంది. మొదట అనాస గురించి రాసింది చదవండి, పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.