రెండు లైసెన్సులు కాదే, ఒకటే కార్డు

అమ్ములూ,

నిన్న కుక్కర్ విజిల్ వేస్తోందని ఫోన్ పెట్టేశావు గానీ నువ్వడిగింది నా బుర్రలోనే తిరుగుతోంది. స్కూటీ లైసెన్స్ ఉండగా కారుకి ఇంకోటి తీసుకోవచ్చా అన్నావు కదా, ఇంకోటి అనేది ఉండదే. చట్టం ప్రకారం మనిషికి ఒకటే లైసెన్స్, ఏయే బళ్లు నడపొచ్చో అందులోనే రాసి ఉంటుంది. నీది విజయవాడలో తీసుకున్నది కాబట్టి దాని సంగతి చెప్పకుండా హైదరాబాద్‌లో కొత్తది చేయించేద్దాం అని ఏ ఏజెంటైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. ఉన్నదానికే కారు చేర్పించుకోవాలి.

ముందు నీ కార్డు తీసి చూడు. టెస్టు స్కూటీ మీద ఇచ్చావు కాబట్టి ఎంసీడబ్ల్యూఓజీ అని ఉండాలి, అంటే గేర్లు లేని బండి. దాంతో తమ్ముడి బైక్ కూడా నడపకూడదు, తెలుసా? గేర్ల బైక్‌కి ఎంసీడబ్ల్యూజీ, కారుకి ఎల్ఎంవీ.

నాకీ అక్షరాలు నడిరోడ్డు మీద తెలిశాయి. స్కూటర్ లైసెన్స్ బ్యాగులో పెట్టుకుని ఏడాదిన్నర కారు నడిపాను, లైసెన్స్ ఉందిగా అని ధీమా. ఒకరోజు బెంజ్ సర్కిల్ దగ్గర ఆపిన పోలీసాయన కార్డు అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఇందులో కారెక్కడుంది?" అన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికాను! మీ పెదనాన్న ఆటోలో వచ్చి కారు తీసుకెళ్లేదాకా ఆ ఎండలో నిలబడ్డాను, ఇప్పటికీ ఆ మాటెత్తి నవ్వుతారు. అప్పట్లో జరిమానా 500. 2019లో చట్టం మార్చాక 5,000 చేశారు, బండి వేరేవాళ్లదైతే నీకిచ్చినందుకు వాళ్లకీ ఇంకో 5,000.

జరిమానా కడితే పోతుంది, ఇన్సూరెన్స్ అలా కాదు. బండి ఓనరుకి 15 లక్షల ప్రమాద బీమా అని పాలసీతో పాటు కట్టించుకుంటారు చూడు, నడిపే బండికి సరిపోయే లైసెన్స్ లేకపోతే అది రాదు. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే చాలా కేసుల్లో కంపెనీ వాళ్లకి డబ్బిచ్చి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేస్తుంది. కారు మీ నాన్న పేరు మీద కొంటామంటున్నారు, ఆలోచించుకో.

అందుకని కారొక్కటే కాదు, కారూ గేర్ల బైకూ రెండూ ఒకే దరఖాస్తులో పెట్టు. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్, రెండింటికీ ఒకేసారి వస్తుంది, ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు గడిచాక టెస్టుకి స్లాట్ తీసుకోవచ్చు. బైక్ తర్వాత చూద్దాంలే అంటే మళ్లీ ఎల్ఎల్ఆర్, మళ్లీ 30 రోజులు, మళ్లీ ఆఫీసుకి సెలవు. నేను 46 ఏళ్లప్పుడు కారు కోసం వెళ్తే 40 దాటినందుకు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ అనే మెడికల్ సర్టిఫికెట్ కూడా అడిగారు.

బైక్ నేర్చుకునేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. స్కూటీకి ఎడమ చేతి దగ్గర ఉండేది బ్రేకు, బైక్‌కి అక్కడుండేది క్లచ్. కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది, నువ్వు గట్టిగా పట్టుకుంటావు, బండి ఆగదు సరికదా ఇంజిన్ పట్టు కూడా వదిలేసి జారుకుంటూ పోతుంది. నేను మా ఇంటి గోడకి అలాగే కొట్టాను. ఖాళీ గ్రౌండ్‌లో వారం రోజులు కుడికాలి బ్రేకూ కుడిచేతి బ్రేకూ కలిపి పట్టడమే ప్రాక్టీస్ చెయ్యి, గేర్లు వాటంతటవే వస్తాయి. టెస్టులో 8 తిప్పేటప్పుడు ముందు చక్రం వైపు చూడకు, వెళ్లాల్సిన చోటికి చూడు, హాఫ్ క్లచ్‌లో నెమ్మదిగా పోనీ, కాలు కింద పెట్టావా పోయినట్టే. కారుకి హెచ్ ట్రాక్‌లో రివర్సే అసలు పరీక్ష. అద్దాల్లో చూసి రావడం డ్రైవింగ్ స్కూల్ వాళ్లు చెప్తారు గానీ, వాళ్ల కారులో పక్కన కూర్చున్నాయన కాళ్ల కింద కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. నువ్వు బాగా నడుపుతున్నావో ఆయన నడుపుతున్నాడో తెలియదు, చివర్లో రెండ్రోజులు మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, ఎల్ బోర్డు పెట్టి, మన కారు మీద చెయ్యి.

స్కూటీ వాళ్లు కారెక్కితే సందు కనపడగానే దూరాలనిపిస్తుంది, వెడల్పు మర్చిపోతారు, మన గేటు దగ్గర ఆ గీత నాదే. కానీ కారు నడిపాక స్కూటర్ మీద నేను లారీ పక్కన ఉండడం మానేశాను, డ్రైవర్ సీట్లోంచి ఎడమవైపు ఎంత కనపడదో తెలిసింది మరి.

అన్నట్టు ఫ్రెండ్స్‌తో థాయ్‌లాండ్‌లో ఫుకెట్ వెళ్తామన్నావు. అక్కడ స్కూటర్ అద్దెకి తీసుకునేట్టయితే ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్లు, ఏడాది పనిచేస్తుంది. మన కార్డులో ఉన్న బళ్లకే అందులో ముద్ర పడుతుంది. కారొక్కటే ఉన్నవాళ్లు అక్కడ స్కూటరెక్కి పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది ఆ ముద్ర గురించే.

స్లాట్ దొరకగానే ఫోన్ చెయ్యి. తమ్ముడి బైక్ క్లచ్ వైరు బిగుసుకుపోయింది, టెస్టుకి ముందు మార్పించమని వాడికి చెప్పాను, వాడు వినడు, నువ్వే మెకానిక్ దగ్గరికి తోలుకుపో, అదే, తోయించుకుపో.

మీ పెద్దమ్మ