వైట్ శాండ్స్‌లో ఎండాకాలం కూడా ఇసుక కాళ్లు కాల్చదంటారు, నిజమేనా?

నిజమే. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న ఈ నేషనల్ పార్కులో ఇసుక మామూలు ఇసుక కాదు, జిప్సం. మన దగ్గర వేరుశనగ చేలకు వేసే జిప్సమే. తెల్లగా ఉండడం వల్ల ఎండను వెనక్కి కొట్టేస్తుంది, అందుకే వట్టి కాళ్లతో నడవొచ్చు.

జిప్సం నీళ్లలో కరుగుతుంది. మామూలుగా అయితే వాగుల్లో కలిసి సముద్రానికి పోవాలి. కానీ పార్కు ఉన్న టులరోసా లోయ నుంచి నీళ్లు బయటికి పోయే దారి లేదు. కొండల మీది నుంచి జిప్సంను కరిగించుకుని వచ్చిన నీరు లూసెరో సరస్సు దగ్గర నిలిచి ఆవిరైపోతే స్ఫటికాలు మిగులుతాయి. అవి పొడిపొడిగా విరిగి, గాలికి కొట్టుకొచ్చి సుమారు 700 చదరపు కిలోమీటర్ల దిబ్బలయ్యాయి. ప్రపంచంలో ఇంత పెద్ద జిప్సం దిబ్బలు ఇంకెక్కడా లేవు.

అయితే ఇసుక చల్లగా ఉందని ఎండను తేలిగ్గా తీసుకోవద్దు, దయచేసి. వేసవిలో 38 డిగ్రీలు దాటుతుంది, నీడ ఉండదు, తాగునీళ్లు విజిటర్ సెంటర్ దగ్గరే దొరుకుతాయి. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు పట్టుకెళ్లండి. 30 డిగ్రీలు దాటాక దూరపు నడక మొదలుపెట్టకండి. ఎటు చూసినా ఒకేలా ఉండి దారి తప్పడం చాలా తేలిక. పిల్లలతో వెళ్తే సాయంత్రం దిబ్బల మీద ప్లాస్టిక్ స్లెడ్ (కూర్చుని జారే పళ్లెం లాంటిది) మీద జారించండి, అదే చాలు.

చుట్టూ క్షిపణి పరీక్షా కేంద్రం ఉంది కాబట్టి అప్పుడప్పుడు రోడ్డు కొన్ని గంటలు మూసేస్తారు. బయల్దేరేముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి.