2010-20 దశకాన్ని చరిత్రకారులు ఎలా చూస్తారు?

వాళ్లు క్యాలెండర్‌ను పెద్దగా పట్టించుకోరు. ఈ దశకాన్ని 2008 ఆర్థిక సంక్షోభంతో మొదలుపెట్టి 2020 కరోనాతో ముగించేవాళ్లు చాలామంది. బ్యాంకులు కూలడం, ఉద్యోగాలు పోవడం, పాత పార్టీల మీద నమ్మకం సడలడం, 2016లో బ్రెగ్జిట్ (ఐరోపా యూనియన్ నుంచి బయటికి రావాలన్న బ్రిటన్ ఓటు), అమెరికాలో ట్రంప్ గెలుపు అన్నీ ఒకే గొలుసని ఒక వాదన.

ఆ గొలుసు కలపడంలోనే చిక్కుంది. మన హైదరాబాద్‌నే చూడండి. 2011 ఫిబ్రవరి 11న కైరోలో తహ్రీర్ స్క్వేర్ జనం దెబ్బకి ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ గద్దె దిగాడు. నెల తిరక్కముందే, మార్చి 10న, ట్యాంక్‌బండ్ మీద ప్రత్యేక తెలంగాణ కోసం మిలియన్ మార్చ్. పోలీసుల కంచెలు దాటుకుని జనం వచ్చారు, విగ్రహాలు కూలాయి. చూడ్డానికి రెండూ ఒకే అల. కానీ ట్యాంక్‌బండ్ వేర్లు ఆంధ్రతో కలిసేటప్పుడు తెలంగాణకు హామీలిచ్చిన 1956 పెద్దమనుషుల ఒప్పందంలో, 1969 తెలంగాణ ఉద్యమంలో ఉన్నాయి. ఊపు కలిసిందేమో గానీ కారణం వేరు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే అనుకుంటాను.

ఇంకోటి, తీర్పు మారుతూ ఉంటుంది. 2016 నవంబరు 8 రాత్రి నోట్లు రద్దైనప్పుడు అందరి నోటా నల్లధనం మాటే. రద్దైన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చాయని 2018లో రిజర్వ్ బ్యాంకు చెప్పాక ప్రశ్నలే మారిపోయాయి. లోపలి ఫైళ్లు బయటికి రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. అందాకా ఏటీఎం క్యూల్లో నిలబడ్డవాళ్ల జ్ఞాపకాలూ ఆధారాలే. 1969 నాటి కరపత్రాలు ఎవరో ఒకరి ట్రంకుపెట్టెలో దొరుకుతాయి. 2011లో మనం పంపుకున్న ఎస్సెమ్మెస్‌లు మాత్రం పాత ఫోన్లతోనే పోయాయి.