నాన్నగారిని బుడాపెస్ట్ మెమెంటో పార్క్‌కి తీసుకెళ్లొచ్చా?

బుడాపెస్ట్‌లో ఉండేది మూడు రోజులే, ఊరి బయట ఉన్న ఆ సోవియట్ కాలం విగ్రహాల పార్క్‌కి ఒక పూట కేటాయించొచ్చా, జీవితమంతా కమ్యూనిస్టు పార్టీలో గడిపిన నాన్నగారు అక్కడ నొచ్చుకుంటారా అని అడిగారు. తీసుకెళ్లండి. కాకపోతే ముందు రోజు రాత్రి కాస్త కూర్చుని, ఆ విగ్రహాల కథ చెప్పి మరీ తీసుకెళ్లండి. నేను హంగరీలో చదువుకుంటున్నప్పుడు మా మేనమామ వస్తే అక్కడికి తీసుకెళ్లాను. విజయవాడలో పెరిగి, విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలు చదువుకున్న మనిషి. అందుకే మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

నాన్నగారికి ముందుగా చెప్పాల్సింది ఇది: ఆ విగ్రహాలను వెక్కిరించడానికి అక్కడ పెట్టలేదు. 1989లో కమ్యూనిస్టు పాలన పోయాక వాటిని తీసేయాలన్నవాళ్లున్నారు, ఉన్నచోటే ఉంచాలన్నవాళ్లూ ఉన్నారు. పగలగొట్టకుండా, చౌరస్తాల్లో ఉంచకుండా, ఊరి చివర ఒక స్థలంలోకి చేర్చారు. ఆర్కిటెక్ట్ ఆకోష్ ఎలెయోడ్ గీసిన ప్లాన్‌తో 1993లో పార్క్ తెరిచారు. నియంతృత్వం గురించి ఇలా బాహాటంగా మాట్లాడుకోగలిగితేనే ప్రజాస్వామ్యం అన్నది ఆయన ఆలోచన. లోపల మొత్తం 42 విగ్రహాలు, స్మారకాలు ఉన్నాయి. నడిచే దారులు గుండ్రంగా తిరిగి మళ్లీ నడిమి దారికే వచ్చి కలుస్తాయి. ఆ నడిమి దారి కాస్తా ఇటుక గోడ దగ్గర ఆగిపోతుంది. అలా కావాలనే కట్టారని తెలియకపోతే, ఖాళీ మైదానంలో బొమ్మలు పడేసినట్టే అనిపిస్తుంది.

గేటు దగ్గర ఒకవైపు లెనిన్, మరోవైపు రాతిలో చెక్కిన మార్క్స్, ఏంగెల్స్ ఉంటారు. మామయ్య లెనిన్ ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. అక్కడ ఏ ఇబ్బందీ పడలేదు. ఆయన్ని కదిలించింది బేలా కున్ స్మారకం. 1919లో హంగరీలో 133 రోజులు నడిచిన సోవియట్ ప్రభుత్వానికి నాయకుడాయన. ఆ స్మారకాన్ని ఇమ్రే వర్గా అనే శిల్పి 1986లో చేశాడు. లోహపు రేకులతో చేసిన జనం, తుపాకులు పట్టుకున్న సైనికులు ముందుకు ఉరుకుతుంటారు. వాళ్లందరికీ పైన కున్, ఆయన పక్కన ఒక వీధి దీపం స్తంభం. దగ్గరికెళ్లి చూస్తే రేకుల అతుకులు కనిపిస్తాయి, మనుషులు పల్చగా, గాలికి ఊగిపోయేలా ఉంటారు. ఆ కున్‌ని స్టాలిన్ హయాంలోనే, సోవియట్ యూనియన్‌లోనే, 1938లో చంపేశారని చెప్పాను. మామయ్యకి ఆ సంగతి తెలియదు. చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. "సొంతవాళ్లేనా?" అని రెండుసార్లు అడిగాడు. మీ నాన్నగారు అక్కడ ఆగితే తొందర పెట్టకండి.

హంగరీ-సోవియట్ స్నేహ విగ్రహం కూడా జాగ్రత్తగా చూపించండి. హంగరీ కార్మికుడు రెండు చేతులూ చాపి పట్టుకుంటే, సోవియట్ సైనికుడు ఒక్క చెయ్యే ఇస్తాడు. ఎవరు ఎవరికి ఎంత ఒదిగి ఉండాలో ఆ చేతుల్లోనే ఉంది. నాకు ఆ పార్క్‌లో అన్నిటికంటే నిజం చెప్పే శిల్పం అదే.

కెప్టెన్ ఓస్టపెంకో విగ్రహాన్ని హంగరీవాళ్లు ఇష్టంగానే చూస్తారు. 1944 డిసెంబరులో లొంగిపొమ్మన్న షరతులు తీసుకుని తెల్ల జెండాతో జర్మన్ల దగ్గరికి వెళ్లి, తిరిగి వస్తూ చనిపోయిన అధికారి ఆయన. ఆ విగ్రహం బలాటన్ సరస్సుకు వెళ్లే రోడ్డు మొదట్లో ఉండేది. సెలవులకు బయల్దేరే కుటుంబాలకు అదే గుర్తు, లిఫ్ట్ అడిగే కుర్రాళ్లు అక్కడే నిలబడేవారు. విగ్రహం తీసేసినా ఆ చోటుని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. భావజాలం ఏదైనా జనం తమ జ్ఞాపకాలను విగ్రహంతో ముడివేసుకుంటారని మామయ్యతో చెబితే, ఆయన మొహం తేలికపడింది.

స్టాలిన్ బూట్లు కూడా చూస్తారు. 1956 అక్టోబరు 23న తిరుగుబాటు జనం స్టాలిన్ విగ్రహాన్ని కూల్చేస్తే వేదిక మీద బూట్లే మిగిలాయి. ఇక్కడున్నవి అసలువి కావు, తర్వాత చేసిన నమూనా. పక్కనే షెడ్డులో రహస్య పోలీసులకు శిక్షణ ఇవ్వడానికి తీసిన సినిమాల ముక్కలు వేస్తారు. మైకు ఎలా దాచాలి, ఇల్లు ఎలా సోదా చేయాలి అని మామూలు పాఠంలా నేర్పుతుంటారు. అవి తప్పకుండా చూడండి.

నొచ్చుకునే చోటు ఏదైనా ఉందంటే అది టికెట్ల దగ్గరున్న షాపు. కప్పులు, టీషర్టుల మీద లెనిన్ బొమ్మలు అమ్ముతారు. మామయ్యకి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. లోపలంతా అంత శ్రద్ధగా కట్టి, బయట ఇలా అమ్మడం ఏం బాగుంటుంది? అక్కడ ఆగకుండా నేరుగా లోపలికి వెళ్లిపోండి.

వెళ్లడానికి నాలుగో నంబరు మెట్రోలో చివరి స్టేషన్ కెలెన్‌ఫోల్డ్‌కి వెళ్లి, అక్కడ బస్సెక్కండి. నీడ దాదాపు ఉండదు, ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి, నాన్నగారికి టోపీ, నీళ్లు పట్టుకెళ్లండి. తిరిగొచ్చాక సాయంత్రం ఓపికుంటే గెల్లెర్ట్ కొండ ఎక్కండి. చేతుల్లో తాటాకు పైకెత్తి నిలబడిన స్త్రీ విగ్రహం ఇంకా అక్కడే ఉంది. ఒకప్పుడు ఆమె కాళ్ల దగ్గరుండిన సోవియట్ సైనికుణ్ణే పొద్దున మీరు పార్క్‌లో చూసి ఉంటారు.