పాత ల్యాప్‌టాప్‌కు ఏ సిస్టమ్?

ప్రశ్న: 2014లో కొన్న ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. విండోస్ 11 ఎక్కడం లేదు. పాప డిగ్రీ పాఠాలు, ఉత్తరాల టైపింగ్ దీంట్లోనే. కొత్తది కొనాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కొనకండమ్మా. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగింది. 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, అంత పాతవాటిలో అది దొరకదు. మీ పనులకు విండోస్ బదులు వేసుకునే లైనక్స్ మింట్ అనే సిస్టమ్ చాలు, పైసా కట్టక్కర్లేదు. కాజీపేటలో మా అక్క ల్యాప్‌టాప్‌కు మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేశాను. స్టవ్ మీద చాయ్ పొంగేదాకా తెరుచుకోనిది, హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ కూడా పెట్టాక చకచకా లేస్తోంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూడండి. పాప ఫొటోలు, ఫైళ్లు వేరేచోట కాపీ చేయకుండా మాత్రం ఇన్‌స్టాల్ నొక్కొద్దు. ఇంట్లో ఎవరైనా ట్యాలీ లెక్కలు రాస్తుంటే విండోస్ వదలకండి, లైనక్స్‌లో అది నేరుగా నడవదు.